పసిబిడ్డకు వేరు గది

లూకా సువార్త 11వ అధ్యాయములో మన ప్రభువు చెప్పిన ఒక ఉపమానము గలదు. అర్ధరాత్రివేళ ఒకడు స్నేహితుని తలుపు తట్టి మూడు రొట్టెలు బదులడుగును. లోపలివాడు లేవడు. లేవకపోవుటకు అతడు చెప్పిన కారణములలో ఒకటి, పిల్లలు తనతో కూడ పండుకొనియున్నారనునది. ఈ ఉపమానము ప్రార్థనను గూర్చినది. దీనిపై మనము వినిన ప్రసంగములన్నియు ప్రార్థనను గూర్చినవే. అయితే పిల్లల తల్లులు ఈ మాట చదివినప్పుడు మరియొకటి గ్రహింతురు. ఆ ఇంటిలో పడకకు ఉన్నది ఒకటే చోటు. ఒకడు లేచి గడియ తీసినచో అందరును మేల్కొందురు. లోపలివాడు పిసినారి కాకపోవచ్చును. బిడ్డను ఎంతో సేపు జోకొట్టి అప్పుడే నడుము వాల్చిన తండ్రి కావచ్చును.

వినువారిలో ఎవరికిని ఆ మాట వింతగా తోచియుండదు. గలిలయ పల్లెలో ఎట్లో మన పల్లెలోను అట్లే. కాని నేడు మన పిల్లలు అమెరికాలోను, బ్రిటనులోను, ఆస్ట్రేలియాలోను కాపురములు పెట్టిన తరువాత, హైదరాబాదు విశాఖపట్టణములలో మూడు పడకగదుల ఇండ్లు కొనిన తరువాత, ఒక క్రొత్త ప్రశ్న మన కుటుంబములలోనికి వచ్చినది. పసిబిడ్డను తల్లిదండ్రుల గదినుండి వేరు గదికి ఎప్పుడు మార్చవలెను? చూచుటకు ఇది నెలల లెక్కవలె కనబడును: మూడవ నెలా, ఆరవ నెలా, ఏడాది నిండిన తరువాతనా? కాని దీనిని బట్టి అత్తాకోడండ్ర మధ్య మాటలు నిలిచిపోవుచున్నవి, తల్లులు తమ్మును తాము నిందించుకొనుచున్నారు, అరుదుగానైనను బిడ్డల ప్రాణములే దీనితో ముడిపడియున్నవి. గనుక దీనిని గూర్చి కొంత నిదానముగా ఆలోచించుదము.

మన పెద్దల కాలములో ఈ ప్రశ్న అడిగినవారు లేరు. తొలికాన్పు పుట్టింటిలో. మంచము మీదనో చాపమీదనో తల్లి ప్రక్కలోనే బిడ్డ. పగటివేళ పాత చీరతో దూలమునకు కట్టిన ఉయ్యాల. రాత్రి బిడ్డ కదలినప్పుడు తరచుగా మొదట మేల్కొనునది తల్లి కాదు, అమ్మమ్మ. కొన్ని నెలలకు తల్లీబిడ్డలను అత్తవారింటికి పంపినప్పుడు అక్కడ నాయనమ్మ సిద్ధముగా ఉండును. "మన పిల్లలను మనమెన్నడును వేరు చేయలేదు" అని పెద్దలు చెప్పుట వినుచుందుము. అది సంపూర్ణముగా నిజము కాదు. రెండవ బిడ్డ పుట్టినప్పుడు పెద్దబిడ్డ పక్క మారును. ఏడాదిన్నరదో రెండేండ్లదో ఆ బిడ్డ, నిన్నటివరకు తనదైన చోటు విడిచి, నాయనమ్మ ప్రక్కకు పోవలెను. కొన్ని రాత్రులు ఏడ్చును. తరువాత ఆమె కొంగు పట్టుకొని నిద్రపోవును. మనమును వేరు చేసితిమి. అయితే వేరు గదికి కాదు, వేరొక మనిషి ప్రక్కకు. ఈ భేదమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

వేరు గది తెల్లవారి అనాది ఆచారమని మనము సులభముగా అనుకొందుము. అదియు నిజము కాదు. ఐరోపాలో బీదలందరును బిడ్డలను ప్రక్కలో వేసికొనియే నిద్రించిరి. నిద్రలో తల్లి బిడ్డపై పడునను భయము వారిని శతాబ్దముల తరబడి వెంటాడెను. 18వ శతాబ్దములో ఫ్లోరెన్సు పట్టణమున బిడ్డపై బోర్లించుటకు కఱ్ఱతోను ఇనుపకమ్మితోను ఒక గూడువంటి చట్రము చేసిరి. తల్లి దానిపై ఒరిగి పాలిచ్చును గాని బిడ్డపై ఆమె బరువు పడదు. స్కాట్లండులోని డండీ పట్టణమున పోలీసు వైద్యుడైన టెంపుల్‌మన్ 1892లో, పెద్దల ప్రక్కలో ఊపిరాడక చనిపోయినవారని ఎంచబడిన 258 మంది శిశువులను గూర్చి వ్రాసెను. ఆ మరణములు శనివారపు రాత్రులలో మిక్కుటముగా ఉండెను. శనివారము కూలి చేతికి వచ్చు దినము, సారాయి అంగడి నిండు దినము. ఆదివారము ఉదయమున ఆ పట్టణపు గుడిగంటలు మ్రోగుచుండగా కొన్ని ఇండ్లలో ఏమి జరుగుచుండెనో ఊహించుకొనవచ్చును. 1908లో బ్రిటిషు పార్లమెంటు చేసిన బాలల చట్టములో, త్రాగి బిడ్డ ప్రక్కన పండుకొనినందున బిడ్డ ఊపిరాడక చనిపోయినచో అది నేరమని చేర్చిరి.

ఇంతవరకు ఆ భయము న్యాయమైనది. దానికి తోడు మరియొక భయము వచ్చినది: బిడ్డ చెడిపోవునను భయము. వాట్సన్ అను అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1928లో శిశుపోషణ గ్రంథము వ్రాసి, పిల్లలను కౌగిలించుకొనవద్దని, ఒడిలో కూర్చుండబెట్టుకొనవద్దని, ఉదయమున లేచినప్పుడు వారితో కరచాలనము చేయుడని తల్లులకు బోధించెను. ఇది చదివినప్పుడు మాకు మొదట నవ్వు వచ్చినది. ఆ బోధను నమ్మిన ఇండ్లలోని పిల్లలను తలచుకొనగా ఆ నవ్వు ఆగిపోయినది. ఇట్టి కాలములో వేరు గది మంచి పెంపకమునకు గుర్తయ్యెను. అయినను తల్లి చెవి ఊరకుండునా? 1932లో విమాన చోదకుడు లిండ్‌బర్గు బిడ్డను అతని గదిలోనుండియే దొంగలు ఎత్తుకొనిపోయి చంపిన తరువాత అమెరికా దేశమంతయు వణికెను. 1937లో జెనిత్ అను రేడియో కంపెనీ, బిడ్డ గదిలోని శబ్దమును పెద్దల గదిలో వినిపించు యంత్రమును అమ్మకమునకు పెట్టెను. నేటి మానిటర్లకు అది మూలము. గోడ కట్టిన చేతులే ఆ గోడకు చెవి పెట్టినవి.

ఇంకొక సంగతి కూడ చెప్పవలెను, ఎందుకనగా వైద్యుల మాట వినుటలోను వినయము అవసరము. ఆరోగ్యముగా ఉన్న శిశువు నిద్రలోనే, ఏ కారణమును కనబడకుండ మరణించుట ఒకటి కలదు. 1969లో వైద్యులు దీనిని ప్రత్యేకముగా గుర్తించి ఆకస్మిక శిశు మరణమని పేరుపెట్టిరి. అంతకు ముందే, 1950ల చివరి ముద్రణలలో, డాక్టరు స్పాక్ వ్రాసిన ప్రఖ్యాత గ్రంథము బిడ్డలను బోర్ల పండుకొనబెట్టుట మేలని చెప్పెను. వెల్లకిల ఉన్న బిడ్డ కక్కుకొనినచో అది గొంతులో అడ్డుపడునని భయము. లక్షలమంది తల్లులు మంచి మనస్సుతో అట్లే చేసిరి. బోర్ల పండుకొనుటయే ప్రమాదమని తరువాత తేలెను. బిడ్డను వెల్లకిల పండుకొనబెట్టుడని బ్రిటనులో 1991లోను అమెరికాలో 1994లోను దేశమంతట ప్రచారము చేసిరి, ఆ దశాబ్దములో అమెరికాలో ఇట్టి మరణములు సుమారు సగమునకు తగ్గెను. కీడు చేసినది తల్లుల నిర్లక్ష్యము కాదు, వారి విధేయత.

గది విషయములో నేడు తెలిసినదేమి? 1996లో న్యూజీలండు పరిశోధకులు ప్రకటించిన ఫలితము మమ్మును ఎక్కువగా ఆలోచింపజేసినది. పెద్దవారు ఉన్న గదిలో నిద్రించు శిశువులకు ఆకస్మిక మరణ భయము తక్కువ. అన్నదమ్ములు అక్కచెల్లెండ్రు మాత్రమే ఉన్న గదిలో నిద్రించినచో ఆ కాపుదల కనబడలేదు. అనగా కాపాడినది గది కాదు, గదిలోని పెద్దవారు. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2016లో, సాధ్యమైనచో ఏడాదివరకు, కనీసము ఆరు నెలలవరకు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, అయితే వేరు పక్కపై నిద్రించవలెనని చెప్పెను. 2022లో సవరించినప్పుడు కనీసము ఆరు నెలలను మాట నిలిచినది. బ్రిటను ఆరోగ్యసేవ చెప్పునదియు మొదటి ఆరు నెలలే. ఇట్టి మరణములలో పదింట తొమ్మిదివరకు ఆరు నెలలలోపుననే సంభవించును. వానిలోను ఒకటవ నెలకు నాలుగవ నెలకు మధ్య ఎక్కువ. ఆ వయస్సులో కొందరు శిశువుల మెదడు, ఊపిరి తగ్గినప్పుడు ఉలికిపడి మేల్కొనవలెనను హెచ్చరికను సరిగా అందుకొనలేదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పెద్దల గదిలో దగ్గు, మంచపు కిరకిర, తండ్రి గురక. ఇవన్నియు బిడ్డను గాఢనిద్రలో మునిగిపోకుండ కొంచెము కొంచెము కదిలించుచుండునని వారి వివరణ. బిడ్డ నిద్రకు ఆటంకమని మనము విసుగుకొను ఆ చప్పుడే కావలివానివలె పనిచేయుచున్నదన్నమాట.

ఇప్పుడు ఒక ఇంటిలోనికి చూచుదము. ఇట్టివి అనేకములు గలవు గనుక ఏ ఒక్కరి ఇల్లును కాదు. కోడలి కాన్పునకు తల్లి రాలేక అత్తగారు గుంటూరునుండి అమెరికాకు ప్రయాణమై వెళ్లెను. పెట్టెలో వాము, శొంఠి, కారప్పొడి, పాత నూలు చీరెలు. ఇంటిలో ఒక గది గోడలకు లేత రంగు వేసి, చుట్టును కటకటాలుగల చిన్న మంచము అమర్చి, పైన బొమ్మలు వ్రేలాడదీసియున్నారు. ఇది ఎవరికని ఆమె అడిగెను.

"బాబుకే అత్తయ్యా. ఆరు నెలలు నిండగానే ఇక్కడ పడుకోబెడతాం."

"ఒక్కడినేనా? పసిగుడ్డునమ్మా!"

"ఇక్కడందరూ అంతే అత్తయ్యా. అప్పటిదాకా మా గదిలోనే, పక్కనే చిన్న తొట్టెలో ఉంటాడు."

"తొట్టె ఎందుకే? నీ పక్కలో వేసుకోరాదూ?"

కోడలు మాటాడలేదు. అత్తగారు చీర మడతలు సరిచేసికొనుచు వంటయింటిలోనికి వెళ్లెను. ఒకరు కఠినురాలని ఒకరును, మూఢురాలని మరియొకరును అనుకొనిరి. వాస్తవమునకు ఇద్దరును సగము సగము సరియైనదే చెప్పిరి. పసిబిడ్డను ఒంటరిగా ఉంచరాదన్న అత్తగారి మాటనే నేడు వైద్యులు ఆరు నెలలవరకు స్థిరపరచుచున్నారు. ఒకే గదిలోనైనను వేరు పక్క కావలెనన్న కోడలి మాటను కూడ వారే చెప్పుచున్నారు. మెత్తని పరుపులు, దిండ్లు, బరువైన దుప్పట్లు గల మంచముపై, పొగ త్రాగువారు మద్యము త్రాగువారు ఉన్న ప్రక్కలో, నెలలు నిండకుండ పుట్టిన బిడ్డ విషయములో, ఆ ప్రమాదము మరింత ఎక్కువ. చాపపై పలుచని బొంత వేసికొని నిద్రించిన మన నాయనమ్మల పక్కయు, మోకాలులోతు దిగబడు అమెరికా పరుపును ఒకటి కావు. మాట అదియే అయినను చోటు మారినది.

ఇచ్చట 1 రాజులు 3వ అధ్యాయము మనకు గుర్తుకు రావలెను. సొలొమోను జ్ఞానమును గూర్చి ఆ కథను ఆదివారపు బడి పిల్లలు కూడ చెప్పగలరు. ఖడ్గము తెమ్మనుటనుండి మొదలుపెట్టుదురు. కాని కథ అంతకుముందే, రాత్రివేళ మొదలైనది. ఒక తల్లి నిద్రలో బిడ్డపై పడినందున బిడ్డ చనిపోయెను. ఆ స్త్రీలు ఇద్దరును మూడు దినముల తేడాలో ప్రసవించినవారు. ఇంటిలో వారిద్దరు తప్ప మరెవరును లేరని ఆ వచనములే చెప్పుచున్నవి. పురిటి నొప్పుల అలసట తీరని ఆ తల్లిని కొంచెము నిద్రపొమ్మని చెప్పి బిడ్డను ఎత్తుకొనుటకు తల్లి లేదు, అత్త లేదు, భర్త లేడు. ఆమె తరువాత చేసినది, అనగా బిడ్డలను మార్చుటయు అబద్ధమాడుటయు, పాపము. కాని నిద్రలో జరిగినదానిని బట్టి ఆమెపై నేరము మోపినట్టు లేఖనములో ఒక్క మాటయు మాకు కనబడలేదు.

దీనిని ఎందుకు చెప్పుచున్నామనగా, మన సంఘములలోను ఇట్టి దుఃఖము అనుభవించిన తల్లిదండ్రులుందురు. బిడ్డ ఎక్కడ నిద్రించెను, ఎవరు ప్రక్కన ఉండిరి అని పరామర్శకు వచ్చినవారు అడుగుదురు. కొందరు ఇంకను ముందుకుపోయి, దేవుడు ఏదో నేర్పుటకే ఇట్లు చేసెనందురు. వైద్యులు 60 ఏండ్లకుపైగా వెదకుచున్న కారణమును మనము అయిదు నిమిషములలో చెప్పివేయుదుము! అట్టి ఇంటికి వెళ్లినప్పుడు అన్నము వండి తీసికొనిపోయి, నోరు మూసికొని కూర్చుండుట మేలు. యోబు స్నేహితులు మొదటి ఏడు దినములు చేసినది అదియే. నోరు తెరచిన తరువాతనే వారు చెడిపోయిరి.

మరికొందరు, దేవుడు కాపాడును గదా, ఈ లెక్కలన్నియు ఎందుకందురు. నెహెమ్యా యెరూషలేము గోడ కట్టించునప్పుడు ప్రార్థనయు చేసెను, రాత్రింబగళ్లు కావలియు పెట్టెను. రెండును ఒకే వచనములో ఉన్నవి.

ఆరు నెలల తరువాత ఏమి చేయవలెను? ఇచ్చట చట్టము లేదు. బోర్లపడుట, తల త్రిప్పుకొనుట వచ్చిన బిడ్డకు మునుపటి ప్రమాదము చాలవరకు తగ్గును. 2017లో పెన్సిల్వేనియా పరిశోధకులు 230 మంది తొలిచూలు తల్లుల బిడ్డలను గూర్చి ప్రకటించిన లెక్కలలో, నాలుగు నెలలకే వేరు గదిలో నిద్రింప మొదలుపెట్టిన బిడ్డలు, తొమ్మిదవ నెలలోను పెద్దల గదిలోనే ఉన్న బిడ్డలకంటె రాత్రికి సుమారు 40 నిమిషములు ఎక్కువ నిద్రించిరి. ఒకే గదిలో ఉన్నప్పుడు బిడ్డ కొంచెము మూలిగినను తల్లి లేచి ఎత్తుకొనును; ఎత్తుకొనిన బిడ్డ పూర్తిగా మేల్కొనును; అలసిన తల్లి బిడ్డను తన మంచముపైకో సోఫాలోనికో తీసికొని అట్లే నిద్రపోవును. సోఫాలో బిడ్డతో నిద్రపోవుట అన్నిటికంటె అపాయకరమని వైద్యులందరును చెప్పుదురు. ఆ లెక్కలను బట్టి నాలుగవ నెలలోనే మార్చుడని మేము చెప్పము. ప్రాణము నిద్రకంటె గొప్పది. అయితే ఆరు నెలలు నిండిన తరువాత మార్చు తల్లిని రాతిగుండె అనువారు, ఆమె ఎన్ని రాత్రులు నిద్రలేక గడిపినదో మొదట లెక్కవేయవలెను.

మార్చుట యెంత న్యాయమో, మార్చకుండుటయు అంతే న్యాయము. మన మనస్సాక్షి అడుగవలసిన ప్రశ్న నెలలను గూర్చినది కాదు, ఇది ఎవరి కొరకు అనునది. ఒక తండ్రి తన గది తనకు తిరిగి కావలెననును. అందులో పాపము లేదు. భార్యాభర్తలు ఒకరితో ఒకరు మాటాడుకొనుటకు ఒక గంటయైన లేని ఇంటిలో బిడ్డకును సుఖము లేదు. కాని బిడ్డ జ్వరముతో ఉన్న వారముననే మార్చవలెనని పట్టుబట్టినచో అతడు తన కొరకే అడుగుచున్నాడు. ఒక తల్లి మూడేండ్లు దాటినను బిడ్డను విడువలేదు. బిడ్డకు భయమని చెప్పును, భయపడునది బిడ్డయేనా? కొన్ని ఇండ్లలో మంచము నడుమ పండుకొనబెట్టిన బిడ్డ, పెద్దలిద్దరు మాటాడుకొనకుండుటకు అడ్డుగోడగా పనిచేయుచున్నాడు. పసివాడు మోయదగిన బరువు కాదది. ఇక మా వయస్సువారి సంగతి. మనవడిని మన ప్రక్కలోనే వేయుడని అడుగునప్పుడు, బిడ్డ ఒంటరితనమునకై అడుగుచున్నామా, మన ఒంటరితనమునకై అడుగుచున్నామా? ఇది చేదు ప్రశ్న. భర్త పోయిన తరువాత ఖాళీ ఇంటిలో నిద్రించు ఒక అవ్వకు, మనవడి వెచ్చని వీపు ఎంత ఓదార్పో ఎరుగుదుము. ఓదార్పు పొందుట తప్పు కాదు. దానికి బిడ్డ మేలను పేరు పెట్టి కోడలిని ఏడిపించుట తప్పు.

రెండవ గది లేనివారికి ఈ ప్రశ్నయే లేదు, వారు లోపము చేయుచున్నామని క్రుంగిపోనక్కరలేదు. ఈ భూమిపై పుట్టిన బిడ్డలలో అత్యధికులకు ఎన్నడును వేరు గది లేదు. ఒక గది ఇంటిలో వేరు పక్క ఉండిన చాలును. గట్టి అడుగుగల తొట్టెయైనను, తల్లి చాప ప్రక్కన పరచిన చిన్న చాపయైనను.

ఎప్పుడు అనుదానిని ఎవరు నిర్ణయింపవలెను? 1 సమూయేలు మొదటి అధ్యాయములో దీనికి మేము మరువలేని ఒక చిన్న సంభాషణ గలదు. ఎల్కానా ఏటేట చేయు బలికై కుటుంబమంతటితో షిలోహునకు బయలుదేరెను. హన్నా రానన్నది, బిడ్డ పాలు విడిచిన తరువాత తానే తీసికొని వచ్చెదనన్నది. ఆ బిడ్డ మ్రొక్కుబడి బిడ్డ, దేవునికి మాట ఇచ్చిన బిడ్డ. ఆలస్యము చేయుచున్నావని ఎల్కానా గద్దింపవచ్చును. ఇంటి యజమాని, భక్తిపరుడు, అతనికి ఇతర పిల్లలును గలరు. కాని నీ దృష్టికి ఏది మంచిదో అట్లు చేయుమని, పాలు మాన్పించువరకు నిలిచియుండుమని అతడు చెప్పెను. దేవునికి అర్పింపబడిన బిడ్డ విషయములోనే, ఎప్పుడను లెక్కను పాలిచ్చిన తల్లికి విడిచిపెట్టిరి. గది మార్చుట విషయములో మన పెద్దలు పట్టుపట్టుటకు ఏమి ఆధారము గలదు? ఆ హన్నాయే తరువాత ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొనివచ్చెను. ఏడాది చూడని బిడ్డకు ఏ కొలతతో కుట్టెనో మేము తరచుగా ఆలోచించుదుము.

ఆ బాలుడు మందిరములో పండుకొనెను, ఏలీ తన స్థలములో పండుకొనెను. వేరు చోటులే, కాని పిలిచిన వినబడునంత దూరము. ఏలీకి కన్నులు మందగించినవి, చెవులు బాగుగనే ఉన్నవి. బాలుడు రాత్రి మూడు మారులు పరుగెత్తి వచ్చెను. తన కుమారులను పెంచుటలో ఏలీ తప్పిపోయినవాడే, అందుకు శిక్షయు పొందినాడు. అయినను ఆ రాత్రి అతడు విసుగుకొనలేదు. తిరిగి వెళ్లి పండుకొమ్మనెను. మూడవసారి మాత్రము, ఇది ఊరక వచ్చిన పిలుపు కాదని గ్రహించెను. బిడ్డ రాత్రి పిలిచినప్పుడు మొదటిసారియే చిరాకుపడువాడు ఆ మూడవ పిలుపులోని భేదమును ఎట్లు కనిపెట్టును?

మార్చదలచినవారికి రెండు మూడు మాటలు చెప్పుదుము. ఎనిమిది నెలల ప్రాంతమున బిడ్డకు, అమ్మ కంటికి కనబడనప్పుడును ఎక్కడనో ఉన్నదని తెలియును, గనుక ఆమె ఎందుకు రాలేదని ఏడ్చును. ఆ ఏడ్పు కొన్ని నెలలు బలముగా ఉండును. కాబట్టి మార్చువారు ఆరు ఏడు నెలలలో మార్చుట, లేక ఆ కాలము దాటువరకు ఆగుట బిడ్డకు సులభము. మొదట పగటి నిద్ర ఆ గదిలో అలవాటు చేయవలెను. తొట్టె పాతదే ఉండవలెను. టీకా వేయించిన దినమున, ప్రయాణము చేసి వచ్చిన రాత్రి మార్చకూడదు. మొదటి కొన్ని రాత్రులు బిడ్డ పిలిచినప్పుడు తండ్రి లేచుట మంచిది. పాలు లేని చేతులలోను ఊరట గలదని బిడ్డ నేర్చుకొనును, తండ్రియు నేర్చుకొనును.

చివరగా, విదేశములలోని మన కుటుంబములలో మాత్రమే కనబడు ఒక సంగతి గలదు. అమెరికాకు చూడవచ్చిన తల్లిదండ్రులకు సాధారణముగా ఆరు నెలల గడువు ఇత్తురు. కాన్పునకు కొంచెము ముందు వచ్చిన నాయనమ్మ, బిడ్డకు ఆరు నెలలు వచ్చుసరికి తిరుగు ప్రయాణమై పోవును. రెండు పడకగదుల ఇంటిలో ఆమె అన్ని నెలలు నిద్రించినది ఎక్కడ? బిడ్డకై రంగు వేసిన ఆ గదిలోనే, కటకటాల మంచము ప్రక్కన వేసిన మడత మంచముపై. ఆమె ఖాళీ చేసిన తరువాత ఆ గది బిడ్డదగును. కొందరు ఆమెను విమానమెక్కించి వచ్చిన ఆ రాత్రియే బిడ్డను అందులో పండుకొనబెట్టుదురు. పగలెల్ల ఎత్తుకొనిన చేతులును, రాత్రి విన్న ఊపిరియు ఆ బిడ్డకు ఒక్క దినముననే దూరమగును. అట్లు కాక, ఆమె ఇంకను ఉండగనే, ప్రయాణమునకు రెండు మూడు వారములు ముందుగా తొట్టెను ఆమె గదిలోనికి జరుపుడి. బిడ్డ తొట్టెలో, నాయనమ్మ ప్రక్కన మడత మంచముపై, మధ్య ఒక మూర దూరము. రాత్రి పాలకు తల్లి వచ్చి పోవును. ఆ గోడలు, ఆ చీకటి, ఆ కిటికీ వెలుగు బిడ్డకు ఆమె ఉండగనే పరిచయమగును. కోడలికి కొంచెము నిద్ర దొరకును. ఈ మాటను అత్తగారు అడుగుటకంటె కోడలు అడిగిన బాగుండును: "అత్తయ్యా, ఈ పది రోజులూ బాబును మీ గదిలో పడుకోబెట్టుకుంటారా?"